ఇనుము దింపని మూల

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు కట్టే ముందు నేలని చూడమని మన పెద్దలెవరూ సామెత కట్టలేదు. అందుకే కాబోలు, బిలాస్‌పూర్‌లో సౌభాగ్య చేసే ఉద్యోగమేమిటో ఆమె చుట్టాలకి ఇప్పటికీ అర్థం కాదు. రైల్వే కాలనీలో అందరూ ఆమెని మట్టక్క అంటారు. మట్టి పరీక్షలు చేసే ఒక ప్రైవేటు లాబులో పని. ఎక్కడ గోదాము కడతామన్నా, వంతెన కడతామన్నా జీపులో గొట్టాలూ బర్మాలూ పెద్ద సుత్తీ వేసుకుని పోవాలి. నేలలోంచి మట్టి తీసి, తెచ్చి, నానబెట్టి, ఎండబెట్టి, నొక్కి, కోసి, అది ఎంత బరువు మోస్తుందో తేల్చాలి. "మట్టికి పరీచ్చలేటే, అదేమన్నా పది సదువుతున్నాదా?" అని తల్లి అప్పయమ్మ మొదట్లో పగలబడి నవ్వేది.

తండ్రి ఎర్రయ్య పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి లోకోషెడ్డులో చేరాడు. సౌభాగ్య పుట్టింది రైల్వే కోటర్లోనే. తండ్రి పోయాక తమ్ముడు రమణబాబు రైల్వేలో కుదిరి, బొగ్గు వ్యాగన్లు లాగే ఇంజనుకి డ్రైవరయ్యాడు. కోటరు అతని పేరు మీదికి మారింది. సౌభాగ్యకి ఒక సంబంధం కుదిరి, చెడింది. ఆ తర్వాత ఇంకోటి వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. పేరేమో సౌభాగ్య! పేర్లు పెట్టేవాళ్ళదేం పోయింది, ఏ పేరైనా పెడతారు.

కోటరుకి రెండు గదులు. ఒకదాంట్లో తమ్ముడూ, మరదలు ప్రత్యూషా. రెండోదాంట్లో అప్పయమ్మా, తమ్ముడి ఇద్దరు ఆడపిల్లలూ. మిగిలింది వరండా, అది సౌభాగ్యకి. గ్రిల్లుకి ప్లైవుడ్డు చెక్కలు బిగించి దాన్ని గది అన్నారు. ఒక వారన మంచం, ఇంకో వారన తమ్ముడి మోటారు సైకిలు, మధ్యలోంచి ఇంటిల్లిపాది రాకపోకలు. పాలవాడు వచ్చినా, చుట్టం వచ్చినా ముందు ఆమె మంచమే కాలికి తగులుతుంది. చీర మార్చుకోవాలంటే స్నానాల గదికి పోవాలి. ఏడవాలన్నా అక్కడికే పోవాలి. అక్కడా గడియ ఊగిసలాడుతూ ఉంటుంది, లోపల ఉన్నన్నిసేపూ ఒక చెయ్యి తలుపు మీదే పెట్టుకోవాలి. నలభై దాటిన మనిషి అలా బతుకుతోంది. పొమ్మని ఎవరూ అనలేదు. మరదలు మంచిది, "వదినా, తిన్నావా?" అని అడక్కుండా తను కంచం ముందు కూర్చోదు. చిక్కంతా అక్కడే ఉంది. తిట్టిపోసేవాళ్ళయితే ఎదురు తిరిగి బయటపడొచ్చు, మంచివాళ్ళ నుంచి తప్పించుకోవడానికి దారేది?

లాబులో ఒక పరీక్ష ఉంది. మట్టి బిళ్ళని ఇత్తడి ఉంగరంలో బిగించి, నీళ్ళలో ఉంచి, పైనుంచి బరువు పెడతారు. చుట్టూ ఉంగరం కాబట్టి మట్టి పక్కకి పోలేదు, పైన బరువు కాబట్టి పైకి లేవలేదు. లోపలున్న నీళ్ళు కొంచెం కొంచెంగా బయటికి కారుతూ, అది కిందికి నలుగుతూ ఉంటుంది. సౌభాగ్య రోజూ దాని ముందు కూర్చుని ముల్లు ఎంత కదిలిందో చూసి రాసుకుంటుంది. లాబు యజమాని ఓంకార్ గారు ఒకసారి, అంత ఇష్టంగా ఏం చూస్తారమ్మా అని అడిగితే, దీన్ని చూస్తే మా ఇంట్లోవాళ్ళని చూసినట్టుంటుందండీ అంది. ఆయన జోకనుకుని నవ్వాడు.

మరి అలాంటి మనిషికి రమణబాబు రాజ్‌కిశోర్ నగర్‌లో జాగా చూశాను, ఇల్లు కడదాం అన్నప్పుడు ఎలా ఉండి ఉంటుంది? అతను అంతకుముందు చాలా జాగాలు చూశాడు. ఒకటి కాలవ పక్కనుందని, ఒకటి వీధిపోటని, ఒకటి ఏ కారణం లేకుండానే వదిలేశాడు. రైలు నడిపేవాడు కదా, ప్రతిదానికీ ఎర్ర సిగ్నలే కనిపిస్తుంది. ఈ ఒక్కటీ నచ్చింది. ప్లాను గీయించి తెచ్చి, కోటర్లో మంచం మీద పరిచి, వేలు పెట్టి చూపించాడు. ఈశాన్యంలో దేవుడి గది. దాన్ని ఆనుకుని చిన్న గది, తూర్పుకి కిటికీ. "ఇది నీది అక్కా" అన్నాడు. సౌభాగ్య వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగింది. మర్నాడు లాబు నుంచి వస్తూ గోల్ బజార్‌లో ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి ఇత్తడి గడియ ఒకటి కొంది. ఇంకా పునాది తవ్వలేదు, గోడ లేదు, తలుపు లేదు. లోపలి నుంచి వేసుకునే గడియ మాత్రం వచ్చేసింది. దాన్ని పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది.

సరే, నేల సంగతి. ఇక్కడివాళ్ళు నల్లరేగడిని కన్హార్ అంటారు. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది, దాని మీద ఇల్లు కట్టడమంటే నిద్రలో దొర్లే మనిషి మీద పళ్ళెం పెట్టడమే. లోతుకి పోయి కింద గట్టి నేల పట్టుకుంటే ఫరవాలేదు. అందుకని ముందు మట్టి పరీక్ష చేద్దామంది సౌభాగ్య. కానీ శంకుస్థాపన ముహూర్తం ముందుకొచ్చి కూర్చుంది. "ముగుర్తం ఆగదు, మట్టి ఎక్కడికెల్లిపోద్ది?" అంది అప్పయమ్మ. ఈశాన్యం మూల గొయ్యి తీసి, నవధాన్యాలు పోసి, పసుపు కుంకం చల్లి పూజ చేశారు. ఆ తర్వాత ఒక ఆదివారం ఓంకార్ గారిని అడిగి సామాను తెచ్చి, సౌభాగ్య తన పని మొదలుపెట్టింది. లాబులో పనిచేసే దిలీప్ సాయం వచ్చాడు. మూడు మూలలా, నడిమధ్యా గొట్టం దింపి చూశారు. ఎంచక్కా ఉంది నేల. నాలుగో మూలకి వచ్చేసరికి అప్పయమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది.

"పసుపు పడిన కాడ ఇనుము దింపుతావేటే? బూదేవి కడుపులో పొడిసినట్టు కాదేటి?"

దిలీప్ సౌభాగ్య మొహం చూశాడు. సౌభాగ్య తల్లి మొహం చూసింది. ఆ ఇంట్లో అప్పయమ్మ మాటకి ఎదురు మాట ఉండదు, పైగా ఆ రోజు సౌభాగ్య సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్న మనిషి ఎవరితో పోట్లాడుతుంది? మూడు మూలలూ గట్టిగా ఉంటే నాలుగోది మాత్రం ఎందుకు వేరేగా ఉంటుందిలే అనుకుంది. కాగితం మీద ఆ మూలదాకా గీత తిన్నగా లాగేసి, కింద సంతకం పెట్టింది. ఆ గీత చూసే పునాదులు తీశారు, పిల్లర్లు లేపారు, గోడలు కట్టారు.

తాపీమేస్త్రీ నవ్వుతూ అన్న మాటతో అంతా తిరగబడింది. గోడలకీ పిల్లర్లకీ రోజూ నీళ్ళు కొడతారు కదా. మిగతా పిల్లర్ల మొదట్లో మొదటి రోజు నీళ్ళు నెర్రెల్లోకి పోయినా, తర్వాత మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుని, నీళ్ళు మడుగు కట్టి నిలబడ్డాయి. ఈశాన్యం మూల ఎంత పోసినా నిలబడలేదు. మీ దేవుడి గదికి దాహం ఎక్కువ అమ్మా అని మేస్త్రీ వేళాకోళమాడాడు. సౌభాగ్య నవ్వలేదు. కన్హార్ నీళ్ళని పట్టుకుంటుంది, వదలదు. వదిలిందంటే పైన ఏమున్నా కింద ఉన్నది కన్హార్ కాదు.

మేస్త్రీలు రాని ఆదివారం చూసి, ఇంట్లో చెప్పకుండా దిలీప్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ పిల్లరు పక్కన చేతి బర్మా దింపారు. పై పొర నల్లమట్టి, గట్టిగానే ఉంది, తిప్పడానికి ఇద్దరి చేతులూ కావలసి వచ్చాయి. మనిషి లోతు దాటి, పునాది అడుగు కిందికి పోయాక బర్మా ఒక్కసారిగా చేతుల్లోంచి జారి తనంతట తనే కిందికి పోయింది. దిలీప్ తూలి పడబోయాడు. బయటికి లాగితే బర్మాకి నల్లటి పెళ్ళలు అంటుకుని వచ్చాయి. సౌభాగ్య ఒకటి తీసి వేళ్ళతో నలిపింది. దాన్ని లాబుకి తీసుకెళ్ళాల్సిన పని లేదు. చిన్నప్పుడు షెడ్డు వెనక గుట్టలు గుట్టలుగా పోసిన ఇంజను బూడిద, దాని మీద జారుడుబండ ఆడుకుని పెరిగిన పిల్ల ఆమె.

పక్క ప్లాట్లకి కాపలా ఉండే రాంప్రసాద్ ఆ గోల విని వచ్చాడు. ఒకప్పుడు ఆ నేలంతా వాళ్ళ కుటుంబానిదే, వరి పండించేవాళ్ళు. బర్మా చూసి, బూడిద చూసి, చాలా మామూలుగా చెప్పాడు. "కువా రిహిస్ దీదీ." అక్కడ వాళ్ళ తాత తవ్వించిన నుయ్యి ఉండేదట. ఎండిపోతే షెడ్డు బూడిద లారీల్లో తెచ్చి పూడ్చి, పైన మట్టి కప్పారట. ఈ మాట ముందే చెప్పొచ్చు కదా బాబూ అని సౌభాగ్య అడిగింది. రాంప్రసాద్ తెల్లబోయాడు. చెప్పాను కదా దీదీ, జాగా చూడడానికి వచ్చిన రోజే మీ మాతాజీకి చూపించి మరీ చెప్పాను, ఆమె దండం కూడా పెట్టుకుంది అన్నాడు.

కోటరుకి వచ్చేసరికి అప్పయమ్మ పెరట్లో ఎండలో వడియాలు పెడుతోంది. సౌభాగ్య ఎదురుగా కూలబడింది.

"అమ్మా, ఆ మూల నుయ్యున్నాది."

అప్పయమ్మ చెయ్యి ఆగలేదు. ఒక వడియం పెట్టింది, ఇంకోటి పెట్టింది. "తెల్సు" అంది.

"తెల్సే అడ్డం నిలబడ్డావా? పసుపు, బూదేవి, అవన్నీ ఏటి మరి?"

"నువ్వు ఇనుము దింపితే బయటపడిపోద్ది గదే. నుయ్యున్నాదంటే రవణ ఒగ్గేసుండేవోడు. ఎన్ని జాగాలు ఒగ్గేసినాడో నువ్వు సూణ్ణేదేటి? ఆడు ఈ జనమకి ఇల్లు కట్టడనుకున్నాను."

కట్టకపోతే కోటరు ఉంది కదా అంది సౌభాగ్య. అప్పుడు అప్పయమ్మ చేతులు దులుపుకుని మొదటిసారి కూతురి మొహం చూసింది.

"కోటరు రైలోల్లది. రవణ రిటైరయిన రోజున తాళం పెట్టుకుంతారు. అప్పటికి నానుండను. ఆల్లు ఏ అద్దె కొంపలోనో సద్దుకుంతారు, ఆల్లకేటి, మొగుడూ పెళ్ళాం. ఆ అద్దె కొంపలో నీకు వరండా అయినా ఉంతాదేటే? నువ్వెక్కడికెల్తావు?"

"సెప్పకే" అంది అప్పయమ్మ, గొంతు తగ్గించి. "సలాబు పడిపోనీ. దేవుడి గది కింద నుయ్యుంతే దేవుడే సూసుకుంతాడు." మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. సౌభాగ్యకి ముందున్న నుయ్యి నిజంగానే నుయ్యి, గొయ్యేమో కన్నతల్లి ప్రేమతో తవ్విపెట్టింది. స్లాబు పడితే బరువంతా ఆ పిల్లరు మీదికి వస్తుంది. మొదటి వానలకి నీళ్ళు బూడిదలోకి దిగుతాయి, బూడిద కుంగుతుంది, మూల కుంగుతుంది, గోడలు చీలతాయి. ఎప్పుడన్నది చెప్పలేం గానీ కుంగడం మాత్రం ఖాయం. చెబుదామంటే పోయేది ఆ మూల గదే, అంటే తన గదే. పోయేది ఆ ఒక్క గదేనా? తను సంతకం పెట్టిన పరీక్ష తప్పని తమ్ముడికి తెలుస్తుంది, తల్లి దాచిందని తెలిస్తే కొడుకు మొహం చూడగలదా ఆవిడ? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. చెప్పకుండా ఉందామంటే రోజూ రాత్రి ఆ కిటికీ కింద పడుకోవలసింది తనే.

నౌతపా ఎండలు, అంటే మన రోహిణి కార్తె ఎండలు, మొదలయ్యాయి. ఊరంతా తలుపులేసుకుని కూర్చుంది. సౌభాగ్య లాబులో ఉంగరం ముందు కూర్చుంది, ముల్లు చూస్తూ చూస్తూ రాయడం మర్చిపోయింది. ఇంటికొస్తే రమణబాబు స్లాబు కబుర్లు. కంకర ఎక్కడిది, మిక్సరు ఎవరిది, ఆ రోజు పనివాళ్ళకి భోజనాలేం పెట్టాలి. అంత ఉషారుగా వాడిని పెళ్ళిలో కూడా చూడలేదు. మింగలేక, కక్కలేక ఆమె ఊఁ కొట్టింది. తల్లి కళ్ళు మాత్రం ఆమె నోటి మీదే ఉన్నాయి. మంచినీళ్ళు తాగడానికి నోరు తెరిచినా ఆవిడ ఉలిక్కిపడేది. అలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే స్లాబు పడిపోయేదే. సౌభాగ్య అందుకే మాట్లాడకుండా కూర్చుందని కూడా చెప్పాలి. దాచడమెందుకు, ఆమెకి ఆ గది కావాలి.

ఒకరోజు భోజనాల దగ్గర ప్రత్యూష నవ్వుతూ, పిల్లలిద్దరూ కొత్తింట్లో అత్త గదిలోనే పడుకుంటారట, ఇప్పుడే వాటాలు వేసుకుంటున్నారు వదినా అంది. కిటికీ వైపు నాదంటే నాదని చిన్నదీ పెద్దదీ కొట్టుకున్నారు. అప్పయమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. సౌభాగ్య తల్లి వైపు చూసింది. అప్పయమ్మ తలెత్తలేదు.

మర్నాడు పొద్దున రమణబాబు డ్యూటీ దిగి తిన్నగా సైటుకి వెళ్ళాడు. సెంట్రింగు చెక్కలు వేసి, కమ్మీలు కడుతున్నారు. సౌభాగ్య బయల్దేరితే అప్పయమ్మ నేనూ వస్తానని ఆటోలో వచ్చింది, ఎందుకొచ్చిందో సౌభాగ్యకి తెలుసు. సౌభాగ్య తమ్ముడి దగ్గరికి నడిచి, కొంగు ముడి విప్పి, ఆ ఆదివారం బర్మాకి అంటుకుని వచ్చిన నల్ల పెళ్ళ ఒకటి అతని అరచేతిలో పెట్టింది.

అతను దాన్ని చూసి, "షెడ్డు బూడిద గదా. ఎక్కడిది?" అన్నాడు.

"ఆ మూలది. కింద పూడ్సిన నుయ్యున్నాది. నాను ఆ మూల సూణ్ణేదు రవణా. సూడకండా గీత లాగేసినాను."

"ఎందుకు సూణ్ణేదు?"

అప్పయమ్మ పిల్లరు పట్టుకుని నిలబడి ఉంది. తేలు కుట్టిన దొంగకి కూడా మొహం అంత పాలిపోదు.

"బద్దకించినాను" అంది సౌభాగ్య.

రమణబాబు అరవలేదు. అరిచినా బాగుండును. పెళ్ళని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కమ్మీల వైపు చూశాడు. "బయటోల్లయితే నమ్మననే నీకిచ్చినాను అక్కా" అన్నాడు చివరికి. ఆ మాట ఇవాళ్టికీ ఆమెకి తిన్నది ఒంటబట్టనివ్వదు.

ఓంకార్ గారు వచ్చి చూశారు. నూతిని అడుగుదాకా తోడి కాంక్రీటు నింపడం ఈ ఇంటివల్ల అయ్యే పని కాదన్నారు. ఆ చివరి పిల్లర్ల వరస తీసేసి, ఒక వరస ఇవతలికే ఇల్లు ఆపేస్తే మిగతాదానికి ఢోకా లేదు. దేవుడి గదీ, దాన్నానుకున్న గదీ కొట్టేశారు. కిటికీ చట్రాన్ని ఒక కూలీ భుజాన పెట్టుకుని తీసుకుపోయాడు. దేవుడు హాల్లో గూట్లోకి చేరాడు. మరి నువ్వో అని రమణబాబు అడిగాడు, ఆ రోజు తర్వాత అక్కతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. హాల్లో మంచం పడతాదిలే అంది సౌభాగ్య. ప్రత్యూష అడ్డంగా పూలపూల పరదా కడతానంది. మంచిది కదా మరదలు.

వానలు వెలిశాక గృహప్రవేశం చేశారు. కాలనీ తెలుగువాళ్ళంతా వచ్చారు. ఈశాన్యం మూల అంతా ఖాళీ వదిలి, మధ్యన తులసి కోట పెట్టారు. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసి తెగ మెచ్చుకున్నారు. ఈశాన్యం అంత బరువు లేకుండా వదలడం ఎవరికి తోస్తుంది, ఎవరు చెప్పారు ఈ వాస్తు అని అడిగారు. రమణబాబు, మా అక్క అన్నాడు. అందులో కోపం ఉందో లేదో సౌభాగ్యకి తెలియలేదు. చుట్టాలు ఆమె మంచం మీదే చేరగిలబడి కాఫీలు తాగుతున్నారు. పరదా తీసి ఒక మేకుకి చుట్టేశారు, వచ్చేపోయేవాళ్ళకి అడ్డమని.

ఇత్తడి గడియ దండగ కాలేదు. వడ్రంగి వచ్చిన రోజు సౌభాగ్యే ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చింది, స్నానాల గది తలుపుకి బిగించమని.

భోజనాల హడావిడిలో ఆమె ఎవరికీ చెప్పకుండా అందులోకి వెళ్ళి గడియ వేసింది. కొత్త గడియ, బిగువుగా పడింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. కొళాయి తిప్పింది, ఏడుపు బయటికి వినపడకూడదని.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. సౌభాగ్య గబగబా కళ్ళు తుడుచుకుని లేవబోయింది. ఇంతలో బయట కుర్చీ ఈడ్చిన చప్పుడైంది, తలుపుకి ఆనించి ఎవరో కూర్చున్నట్టు.

"పెరట్లో కొళాయున్నాది, అటెల్లండి బాబూ" అంటోంది అప్పయమ్మ గొంతు. "లోపల నా కూతురున్నాది. దాన్ని కాసేపుండనీండి."